అడాప్టరు నియమానికి ప్రతిపద వ్యాఖ్యానం

అవతారిక

కోయంబత్తూరు తెలుగువారి కథలో కరెంటుది పెద్ద పాత్ర. విజయనగర కాలంలోనూ, 1529 తర్వాత మదురై నాయక రాజుల కాలంలోనూ దక్షిణానికి వచ్చి, కొంగునాట నల్లరేగడి నేలల్లో పత్తి పండించిన కుటుంబాలు ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి మిల్లుల వైపు అడుగు వేశాయి. 1910లో జి.కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్‌కు పునాది వేశారు. 1926లో పీళమేడులో పి.ఎస్.గోవిందస్వామి నాయుడు కుమారులు కుటుంబ ఆస్తిలో ఒక వాటాను ధర్మానికి రాసి పీఎస్‌జీ ధర్మసంస్థను స్థాపించారు. 1932లో నీలగిరుల మీద పైకారా జలవిద్యుత్ కేంద్రం తిరగడం మొదలయ్యాక మిల్లులూ బావి పంపులూ వేగంగా పెరిగాయి. 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి చేసిన మోటారును మన దేశంలోనే తయారైన తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకుంటారు.

అప్పటి యంత్రాలకు గోడ మీది కరెంటు నేరుగా సరిపోయేది. ఇప్పటి పరికరాలకు అది సరిపోదు. వై-ఫై పెట్టె, సీసీ కెమెరా, తూకం యంత్రం, నీటి మట్టం చూపే పరికరం, ల్యాప్‌టాప్ అన్నీ 5, 12, 19 వోల్టుల డీసీ అడుగుతాయి. 230 వోల్టుల ఏసీని ఆ వోల్టులకు దించే నల్లటి డబ్బానే మనం అడాప్టరు అంటున్నాం. అలాంటి పరికరం తయారుచేసి అమెరికాకో ఐరోపాకో పంపాలంటే, దాని వెంట వెళ్లే అడాప్టరు కూడా అక్కడి విద్యుత్ పొదుపు నియమానికి నిలబడాలి. పరికరం ఎంత బాగున్నా అడాప్టరు నిలబడకపోతే సరుకును అక్కడ అమ్మడానికి వీల్లేదు.

ఈ నియమాలు చదవడానికి పొడిగా ఉంటాయి. ఒక్కో మాట వెనుక మాత్రం ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే నియమం అడ్డంకిలా కాక మంచి డిజైనుకు దారి చూపే పాఠంలా కనిపిస్తుంది. అమెరికా, ఐరోపా నియమాల సారాన్ని నాలుగు వాక్యాల మూలంగా కుదించి, దాన్ని మాటమాటగా విప్పి చెప్పడమే ఈ వ్యాఖ్యానం పని.

మూలం

బాహ్య విద్యుత్ సరఫరా సాధనం తన లేబుల్ మీది వాట్లకు తగిన సగటు క్రియాశీల దక్షతను చూపాలి. లోడు లేనప్పుడు నిర్ణీత వాట్లను మించి లాగకూడదు. ఈ రెండింటినీ నిర్ణీత పద్ధతిలో కొలవాలి. చేరుకున్న స్థాయిని గుర్తుగా లేబుల్ మీద వేయాలి.

బాహ్య

పరికరం డబ్బాకు బయట, వేరే డబ్బాలో ఉండేదని అర్థం. టీవీ లోపల బిగించిన పవర్ బోర్డు ఈ నియమం కిందికి రాదు. గోడ సాకెట్లో నేరుగా దిగేది, వైరు మధ్యలో ఇటుకలా వేలాడేది రెండూ వస్తాయి.

దీని మీద విడిగా నియమం ఎందుకు పెట్టారంటే, ఈ వస్తువును ఎంచుకునేవారు ఒకరు, దాని బిల్లు కట్టేవారు మరొకరు. అడాప్టరు పరికరం పెట్టెలోనే వస్తుంది. కొనేవారు రూటరు వేగం చూస్తారు, కెమెరా స్పష్టత చూస్తారు. అడాప్టరు ఎంత వేడెక్కుతుందో దుకాణంలో ఎవరూ అడగరు. తయారీదారుకు ఇది ఖర్చు తగ్గించుకోవడానికి మొదట కనిపించే చోటు. అక్కడ మిగిలిన రూపాయలు తయారీదారువి, అక్కడ వృథా అయిన యూనిట్లు కొన్నవారివి. బేరంతో ఈ లోటు తీరదని గ్రహించే కాలిఫోర్నియా 2004లో అడాప్టర్లకు దక్షత ప్రమాణాలను ఆమోదించింది. తర్వాత అమెరికా దేశమంతటికీ, ఐరోపాకూ అదే దారి అయింది.

విద్యుత్ సరఫరా సాధనం

గోడ నుంచి వచ్చే ఏసీని తక్కువ వోల్టేజీ డీసీగా గానీ ఏసీగా గానీ మార్చి, ఇంటి, ఆఫీసు పరికరానికి అందించేది. ఐరోపా నియమం 250 వాట్ల వరకు ఉన్నవాటికి వర్తిస్తుంది. అమెరికా నియమంలో 250 దాటినవాటికీ హద్దు ఉంది.

ఇక్కడ మినహాయింపులు గుర్తుంచుకోవాలి. ఎల్‌ఈడీ దీపాలకు వాడే కన్వర్టర్లు, యూపీఎస్‌లు ఐరోపా నియమంలో ఈ పేరు కిందికి రావు. వైద్య పరికరాల అడాప్టర్లకు రెండు చోట్లా మినహాయింపు ఉంది. మదురైవాళ్లకు ఇది దగ్గరి విషయం. డాక్టర్ జి.వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, 1992లో దాని వెంట వచ్చిన ఆరోల్యాబ్ వల్ల మదురై పేరు ప్రపంచ వైద్య పటం మీద నిలిచింది. ఆ ఊళ్లో వైద్య పరికరం రూపొందించాలనుకునే యువ ఇంజినీరు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: నా వస్తువు చట్టం లెక్కలో వైద్య పరికరమా, ఆసుపత్రిలో వాడే మామూలు పరికరమా? ఆసుపత్రి రిసెప్షన్‌లోని రూటరుకు మినహాయింపు లేదు. మినహాయింపు పొందిన వైద్య అడాప్టరు మీద మరోవైపు లీకేజీ కరెంటు, ఇన్సులేషన్ విషయంలో ఇంకా కఠినమైన భద్రతా ప్రమాణాలు ఉంటాయి. ఒక భారం దిగితే మరొకటి ఎక్కుతుంది.

లేబుల్ మీది వాట్లు

అడాప్టరు మీద "12 వోల్టులు, 2 ఆంపియర్లు" అని రాసి ఉంటే దాని వాట్లు 24. నియమంలో లెక్కలన్నీ ఈ రాసిన అంకె మీదే నడుస్తాయి. లోపలి బోర్డు నిజంగా ఎంత మోయగలదో ఎవరూ అడగరు. రాసినదాన్ని నిజంగా మోయాలి, అంతే.

అంకెను పెంచి రాస్తే పరీక్షలో నిండు లోడు దగ్గర బోర్డు చతికిలపడుతుంది. తగ్గించి రాయడంలోనూ లెక్క ఉంది. 49 వాట్లు ఒక సరిహద్దు. 12 వోల్టులు, 4 ఆంపియర్ల అడాప్టరుది 48 వాట్లు కాబట్టి లోడు లేనప్పుడు 0.1 వాట్ దాటకూడదు. అదే 5 ఆంపియర్లు అని రాస్తే 60 వాట్లు, అప్పుడు 0.21 వాట్ దాకా అనుమతి ఉంటుంది. లేబుల్ మీద అంకె వేయడమంటే ఏ తరగతిలో పరీక్ష రాస్తామో చెప్పడమే. ఆ నిర్ణయం డిజైను మొదట్లోనే జరగాలి, అచ్చు వేసే రోజున కాదు.

తగిన

అన్ని అడాప్టర్లకూ ఒకే హద్దు పెట్టలేదు, ఎందుకంటే చిన్నదానికి పెద్దదానంత దక్షత సాధ్యం కాదు. ఎంత చిన్న అడాప్టరులోనైనా కంట్రోల్ ఐసీ తన వంతు కరెంటు తినాలి. 200 వాట్లలో అది లెక్కలోకి రాదు, 2 వాట్లలో వస్తుంది.

అందుకే 1 వాట్ పైన 49 వాట్ల దాకా ఒక సూత్రం పెట్టారు: వాట్ల సహజ సంవర్గమానాన్ని 0.071తో గుణించి, అందులోంచి వాట్లకు 0.0014 రెట్లు తీసేసి, 0.67 కలపాలి. 12 వాట్లకు ఇది సుమారు 83 శాతం వస్తుంది. 24 వాట్లకు 86.2 శాతం. 49 దాటి 250 వాట్ల దాకా నేరుగా 88 శాతం.

తక్కువ వోల్టేజీ అడాప్టర్లకు ఇంకొంత సడలింపు ఉంది. అవుట్‌పుట్ 6 వోల్టుల కన్నా తక్కువగా, కరెంటు 550 మిల్లీ ఆంపియర్లకు తగ్గకుండా ఉంటే సూత్రం మారుతుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జరుది 10 వాట్లు. మామూలు సూత్రంలో దానికి 82 శాతం కావాలి, సడలింపు సూత్రంలో 78.7 చాలు. దీనికి కారణం డయోడ్. అవుట్‌పుట్ వైపు షాట్కీ డయోడ్ మీద దాదాపు అర వోల్టు పోతుంది. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరులో ఆ అర వోల్టు స్వల్పం. 5 వోల్టులలో అది పదో వంతు. డయోడ్ బదులు మాస్‌ఫెట్‌తో సింక్రోనస్ రెక్టిఫికేషన్ చేస్తే ఆ నష్టంలో ఎక్కువ భాగం తిరిగి చేతికి వస్తుంది.

సగటు

పూర్వం కొందరు నిండు లోడు దగ్గర వచ్చిన అంకె ఒక్కటే ప్రకటించేవారు. జీవితంలో అడాప్టరు నిండు లోడు మీద ఉండేది కొద్దిసేపే. ఫోన్ సగం నిండాక ఛార్జింగు నెమ్మదిస్తుంది, రూటరు రాత్రంతా తన సామర్థ్యంలో కొంతే వాడుతుంది. కాబట్టి రాసిన కరెంటులో 100, 75, 50, 25 శాతాల దగ్గర నాలుగుసార్లు దక్షత కొలిచి సగటు తీయమంది నియమం.

మన 24 వాట్ల అడాప్టరుకు వరసగా 87, 87.5, 86.5, 84 శాతం వచ్చాయనుకుందాం. సగటు 86.25. హద్దు 86.2. గట్టెక్కింది గానీ వెంట్రుకవాసిలో. ఉత్పత్తిలో ఒక బ్యాచు ట్రాన్స్‌ఫార్మర్లు కాస్త తేడాగా వస్తే ఇదే డిజైను తప్పుతుంది. పరీక్షకు పంపిన ఒక్క నమూనాతో తృప్తి పడకుండా, లైను మీద నుంచి ఎప్పటికప్పుడు కొన్ని తీసి కొలవడం అందుకే అవసరం. ఐరోపా నియమం 10 వాట్లు దాటినవాటికి 10 శాతం లోడు దగ్గరి దక్షతను కూడా ప్రకటించమంటుంది. దానికి ఇప్పటికి హద్దు లేదు, అంకె మాత్రం అందరికీ కనబడాలి. ఇలా ప్రకటించమన్న అంకె రేపు హద్దుగా మారవచ్చని తెలివైన తయారీదారు ముందే ఊహించుకుంటాడు.

యూఎస్‌బీ-సీ ఛార్జర్లలా వోల్టేజీని మార్చుకునేవాటిని అమెరికా పద్ధతిలో అత్యధిక వోల్టేజీ దగ్గరా, అత్యల్ప వోల్టేజీ దగ్గరా పరీక్షిస్తారు. 20 వోల్టుల దగ్గర చక్కగా నడిచి 5 దగ్గర నీరుగారే డిజైను అక్కడ దొరికిపోతుంది.

క్రియాశీల దక్షత

లోపలికి వెళ్లిన వాట్లలో ఎంత భాగం పరికరానికి చేరిందో చెప్పే అంకె. చేరనిదంతా వేడి. 24 వాట్లు ఇచ్చే అడాప్టరు 86.2 శాతం దక్షతతో నడిస్తే సుమారు 3.8 వాట్లు వేడిగా మారుతాయి. 80 శాతంతో నడిస్తే 6 వాట్లు. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో ఈ తేడా చిన్నది కాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు ప్రతి 10 డిగ్రీల వేడి పెరుగుదలతో ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ నమ్మి వాడే లెక్క. మదురై మే నెల ఎండలో, బీరువా వెనుక సాకెట్లో ఉన్న అడాప్టరు ముందుగా పోయేది ఆ కెపాసిటర్ దగ్గరే. దక్షత పెంచితే బిల్లు తగ్గడమే కాదు, వస్తువు ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. రిపేరు దుకాణాలకు వచ్చే ఉబ్బిన కెపాసిటర్లు ఈ మాటకు సాక్ష్యం.

నష్టాలు ఎక్కడెక్కడ ఉంటాయి? స్విచ్ చేసే మాస్‌ఫెట్‌లో, ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో, దాని రాగి చుట్టలో, స్నబ్బర్ రెసిస్టర్లో, అవుట్‌పుట్ డయోడ్‌లో, చివరికి వైరులో. వైరును చాలామంది మరచిపోతారు. కొలత వైరు చివర, పరికరంలోకి దిగే పిన్ను దగ్గర జరుగుతుంది. వైరు రెండు తీగల నిరోధం కలిపి 0.15 ఓము ఉంటే, 2 ఆంపియర్ల దగ్గర 0.6 వాట్ అక్కడే పోతుంది. 10 వాట్ల ఛార్జరుకు అది ఆరు శాతం. బోర్డు మీద ఎంతో కష్టపడి సాధించిన శాతాన్ని సన్నని వైరు మింగేస్తుంది. కొనుగోలు విభాగం రాగి తగ్గించిన వైరును తెచ్చేముందు డిజైనరును అడగాలి.

లోడు లేనప్పుడు

సాకెట్లో ఉండి, స్విచ్ వేసి ఉండి, రెండో చివర ఏ పరికరమూ లేని స్థితి. మన ఇళ్లలో సాకెట్ పక్కన స్విచ్ ఉంటుంది, ఆపేస్తే సరిపోతుంది. కానీ మంచం వెనుక, టీవీ స్టాండు కింద ఉన్న స్విచ్‌ను రోజూ ఎవరూ ఆపరు.

ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బరువు అడాప్టరు ఖాళీగా 2 వాట్లు లాగుతుందనుకుందాం. ఏడాదికి 17.5 యూనిట్లు. కొత్త హద్దు 0.1 వాట్ కాబట్టి ఏడాదికి 0.9 యూనిట్ లోపే. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకోసారి బిల్లు, తొలి 100 యూనిట్లు ఉచితం కనుక ఒక అడాప్టరు తినే మూడు యూనిట్లు ఎవరి కంటా పడవు. ఊరంతటి అడాప్టర్లు కలిపితే ఆ భారం గ్రిడ్ మీద పడుతుంది. ఉచితమైన యూనిట్‌ను కూడా ఎక్కడో ఒక టర్బైను తిప్పే పుట్టించాలి.

నిర్ణీత వాట్లు

49 వాట్ల దాకా 0.1 వాట్, 49 నుంచి 250 దాకా 0.21 వాట్, ఒకటి కన్నా ఎక్కువ వోల్టేజీలు ఒకేసారి ఇచ్చేవాటికి 0.3 వాట్. డిజైనర్లు ఎక్కువగా తడబడేది ఈ హద్దు దగ్గరే.

0.1 వాట్ ఎంత చిన్నదో రెండు రెసిస్టర్లతో చూడవచ్చు. ఐసీని మేల్కొలపడానికి రెక్టిఫై అయిన 325 వోల్టుల నుంచి 1 మెగోమ్ రెసిస్టర్ పెడతారు. ఆ ఒక్కటే 0.106 వాట్ కాలుస్తుంది. హద్దు అక్కడే దాటిపోయింది. ఇక ఇన్‌పుట్ వైపు ఎక్స్-కెపాసిటర్ ఉంటే, ప్లగ్ పీకాక పిన్నులు చేతికి తగిలి షాక్ కొట్టకుండా దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ పెట్టాలి. 230 వోల్టుల మీద 1 మెగోమ్ అంటే 0.053 వాట్, సగం పైగా హద్దు దానికే పోతుంది. భద్రత కోసం పెట్టినదాన్ని తీసేయకూడదు. అందుకే పనైపోగానే స్టార్టప్ దారిని తానే మూసుకునే ఐసీలు, ప్లగ్ పీకినప్పుడు మాత్రమే కెపాసిటర్‌ను ఖాళీ చేసే ఐసీలు వచ్చాయి. లోడు తగ్గినప్పుడు ఆగి ఆగి స్విచ్ చేసే బర్స్ట్ పద్ధతి, ఆప్టోకప్లర్ లేకుండా ప్రైమరీ వైపు నుంచే వోల్టేజీని పట్టుకునే పద్ధతి కూడా ఈ హద్దు తెచ్చిన మార్పులే. భద్రతకూ పొదుపుకూ మధ్య పోటీ వచ్చినప్పుడు రెండింటినీ నిలబెట్టే మూడో దారి వెతకడమే ఇంజినీరింగ్.

నిర్ణీత పద్ధతి

ముందు నిండు లోడు మీద అరగంట నడిపి వేడెక్కనివ్వాలి. తర్వాత 100 నుంచి 25 దాకా దిగుతూ కొలిచి, చివర ఖాళీ స్థితి కొలవాలి. అమెరికాకు 115 వోల్టులు, 60 హెర్ట్జ్ దగ్గర, ఐరోపాకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర కొలత. ఒక దగ్గర గెలిచిన డిజైను మరో దగ్గర ఓడిపోవచ్చు. 115 దగ్గర ఇన్‌పుట్ కరెంటు పెరిగి రాగి, డయోడ్ నష్టాలు ఎక్కువవుతాయి. 230 దగ్గర తక్కువ లోడులో స్విచింగ్ నష్టాలు తేలుతాయి.

గోడ కరెంటుతో ఈ పరీక్ష చేయకూడదు. వర్క్‌షాపులో పక్క మోటారు స్టార్టయితే వోల్టేజీ పడుతుంది, తరంగం చెదురుతుంది. స్థిరమైన ఏసీ సోర్స్ కావాలి. నాలుగు వందల రూపాయల ప్లగ్ మీటరుతో 0.1 వాట్‌ను కొలిచి నమ్మడం కుదరదు, 0.01 వాట్ వరకు విడదీసి చూపే పవర్ అనలైజరు కావాలి. ఇది ఖరీదైనదే. మిల్లుల కోసం 1956లో సిట్రా పరిశోధన సంస్థ వెలసిన ఊరు, మోటార్లనూ పంపులనూ పరీక్షించే సిటార్క్ ఉన్న ఊరు కోయంబత్తూరు. చిన్న తయారీదారులు కలిసి పరీక్ష సదుపాయాన్ని పంచుకోవడం ఇక్కడ కొత్త ఆలోచన కాదు. అడాప్టర్ల విషయంలోనూ అదే దారి పట్టాలి.

గుర్తు

లేబుల్ మీద రోమన్ అంకె వేస్తారు. అంకె పెరిగేకొద్దీ నియమం కఠినం. నాలుగో స్థాయి 2008 జూలైలో అమెరికా అంతటా చట్టమైంది. పైన చెప్పిన హద్దులు గల ఆరో స్థాయి 2014 ఫిబ్రవరి 10న ప్రకటితమై, సరిగ్గా రెండేళ్లకు 2016 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చింది. ఐరోపా 2009 నాటి నియమాన్ని పక్కన పెట్టి 2020 ఏప్రిల్ 1 నుంచి దాదాపు అవే హద్దులను తెచ్చింది.

ఈ గుర్తును భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదుతో కలపకూడదు. మన దేశంలో 2012 నాటి తప్పనిసరి నమోదు ఉత్తర్వు కిందికి తర్వాతి విడతలో అడాప్టర్లు చేరాయి. ఆ నమోదు సంఖ్య షాక్, నిప్పు, ఇన్సులేషన్ వంటి భద్రతా విషయాలకు హామీ. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన ఇంధన దక్షత బ్యూరో (బీఈఈ), 2006 నుంచి ఫ్రిజ్, ఎయిర్ కండిషనర్ వంటివాటికి నక్షత్రాల లేబుల్ తెచ్చింది. బీఐఎస్ సంఖ్య ఉన్నంత మాత్రాన అడాప్టరు పొదుపైనదని అనుకోకూడదు. ఆరో గుర్తు ఉన్నంత మాత్రాన మన బీఐఎస్ నమోదు అక్కర్లేదనీ అనుకోకూడదు. కొనేవారు రెండూ చూడాలి.

తాత్పర్యం

ఇన్ని మాటలు విప్పాక మిగిలే సంగతి ఇది. నియమంలో ప్రతి మాటా తప్పించుకునే ఒక దారిని మూస్తుంది. "సగటు" ఒక్క మంచి అంకెతో గడిపే దారిని, "లోడు లేనప్పుడు" ఎవరూ చూడని వేళ దొంగిలించే దారిని, కొలిచే పద్ధతి తోచినట్టు కొలిచే దారిని మూసేశాయి. ఈ దారులన్నీ మూసుకుంది విదేశీ కొనుగోలుదారుకే. ఇక్కడి చట్టం భద్రత వరకే పట్టుబడితే, ఒకే ఫ్యాక్టరీలో ఎగుమతికి మంచి బోర్డు, కోయంబత్తూరు గాంధీపురం దుకాణానికి చవక బోర్డు తయారుచేసే దురాశ పుడుతుంది. దాన్ని మనం ఒప్పుకోకూడదు. మన ఊరి కొనుగోలుదారు వోల్టేజీ హెచ్చుతగ్గులను, వేసవి వేడిని ఎక్కువగా భరించేవాడు. మంచి బోర్డు అతనికే ముందు కావాలి.

అందువల్ల తయారీదారులకు నా విన్నపం: ఆరో స్థాయి డిజైను ఒక్కటే చేయండి, అదే అందరికీ అమ్మండి. ఒకే డిజైను ఎక్కువ సంఖ్యలో తయారైతే విడిభాగాల ధర తగ్గుతుంది, నిల్వల గందరగోళం పోతుంది. దుకాణదారులారా, సరుకు ఎత్తేముందు 230 వోల్టుల దగ్గరి నాలుగు కొలతలూ, ఖాళీ స్థితి కొలతా ఉన్న పరీక్ష నివేదిక అడగండి. పీఎస్‌జీ, సీఐటీ, జీసీటీ వంటి కళాశాలల్లో చదివే మన పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుగా మార్కెట్లో దొరికే అడాప్టర్లను కొని, కొలిచి, ఫలితాలు ప్రకటించాలి. మోటారు దేశంలోనే తయారుచేయవచ్చని తొంభై ఏళ్ల కిందట నిరూపించిన ఊరికి, ఇంటికి చేరే ప్రతి వాట్‌కూ లెక్క చెప్పడం చేతకాని పని కాదు.